తప్పు మాదేనండీ!

మా గురువుగారికున్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏం పాడైనా "తప్పు మాదేనండీ" అనేస్తారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూశాం. ఈయన దొంగతనం జరక్కముందే భుజాలు దులుపుకుంటూ నిలబడతారు.

ఆస్పత్రిలో సర్వర్లు చూసుకునేది ఆయనా, నేనూ. లిఫ్టు ఆగినా, కుళాయి కారినా, క్యాంటీన్లో టీ చల్లారినా ఆయనది అదే మాట.

"కుళాయితో మనకేం సంబంధం గురువుగారూ?" అని నేను నెత్తి కొట్టుకుంటే, "పోనీలేమ్మా, ఎవరో ఒకరు ఒప్పుకుంటేగానీ పని మొదలవదు" అనేవారు.

అలా ఒప్పుకునీ ఒప్పుకునీ పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీలో ఉండిపోయారు. పదోన్నతి సమయం వచ్చినప్పుడల్లా సూపరింటెండెంటు గారు ఈయన తప్పుల చిట్టా తిరగేసి పేరు పక్కన పెట్టేవారు. ఈసారి పోతే ఇక రిటైరవడమే.

సరిగ్గా అప్పుడే రక్తపరీక్షల రిపోర్టులు ఆగిపోయాయి. ల్యాబ్ ఊరికి ఆ చివర. వాళ్ళ మెసేజీ సర్వర్ వాళ్ళది, మాది మాది. రెండూ మాట్లాడుకుంటేనే రిపోర్టు డాక్టరు ఫోనులో పడుతుంది. నాలుగు రోజులుగా వాటి మధ్య మాటల్లేవు. అటెండర్లు కాగితాలు పట్టుకుని బస్సుల్లో తిరుగుతున్నారు.

"తప్పెవరిదో రేపటికల్లా రాసివ్వండి. ల్యాబ్‌వాళ్ళదైతే చేసినవాళ్ళని ఇంటికి పంపిస్తామని వాళ్ళ మేనేజరు అన్నాడు" అన్నారు సూపరింటెండెంటు గారు.

అక్కడ సర్వర్ చూసేది చేరి నెలైనా కాని ఒక అమ్మాయి. నేను ఫోను చేస్తే "మావైపు అంతా బాగానే ఉందక్కా" అనేది. "మావైపూ బాగానే ఉందమ్మా" అనేదాన్ని. నాలుగు రోజులూ ఇదే భజన. రెండువైపులా అంత బాగుంటే మధ్యలో ఏం చచ్చిందో! నా తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి గురువుగారు ఫోను లాక్కున్నారు.

"అమ్మా, తప్పు మాదే. మా సర్వర్‌కి అనుమానం జబ్బు తల్లీ. మీ పేరు చెప్పుకుని ఎవరొచ్చినా, నెట్‌లో మీ డొమైన్ పేరు కింద రాసున్న చిరునామాకి వెళ్ళి 'వీడు మీవాడేనా?' అని అడిగొస్తుంది. ఎక్కడికెళ్ళి అడుగుతోందో ఏమో! ఆ చిరునామాలు కాస్త చదివిపెడతావా? మావి దిద్దుకుంటాం."

నాతో నాలుగు రోజులు బిగుసుకుపోయిన పిల్ల నిమిషంలో సెట్టింగులు తెరిచింది.

"మొదటిది మా స్టాఫు ఫోన్లకి సార్, కొత్త బిల్డింగుది. రెండోది బయటి సర్వర్లకి..." ఆగిపోయింది. "సార్, ఇది పాత బిల్డింగుదే ఉంది! ఆదివారం ల్యాబ్ కొత్త బిల్డింగుకి మారినప్పుడు నేను మొదటిదొక్కటే మార్చాను. నా ఉద్యోగం పోతుంది సార్."

"ఎందుకు పోతుంది? ఖాళీ ఇంటి తలుపు కొడుతూ కూర్చున్నది మా సర్వరేగా! ముందు రెండోది కూడా మార్చు."

మార్చింది. పాత చిరునామా మా సర్వర్ బుర్రలోంచి పోవడానికి ఇంకో రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నానికి టింగుమని మొదటి రిపోర్టు పడింది. సంతోషించే ఓపిక కూడా నాకు లేదు.

ఈలోగా ఆయన కాగితం రాసేశారు. "మా సర్వర్ పాత చిరునామాకే వెళ్ళింది. తప్పు మాదే."

నాకు ఒళ్ళు మండింది. "మీ పదోన్నతి ఏం కావాలి? ఇదేం పిచ్చి గురువుగారూ?"

"నెలైనా కాలేదే ఆ పిల్ల చేరి. నాకైతే అలవాటే" అన్నారాయన.

విసురుగా కాగితం ఫైల్లో పెట్టబోతే, అయిదేళ్ళనాటి కాగితమొకటి కనబడింది. "ఆస్పత్రి చిరునామాలన్నీ చెరిగిపోయాయి. తప్పు మాదే." అది నేను చేరిన నెల. చెరిపింది నేను! ఎవరూ చూడలేదనుకున్నాను. పైగా క్యాంటీన్లో అందరితోపాటు ఆయన్ని చూసి పగలబడి నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు సూపరింటెండెంటు గారి గదిలో విచారణ. ల్యాబ్ మేనేజరూ, ఆ అమ్మాయీ స్పీకర్ ఫోనులో ఉన్నారు. కాగితం చదవడం పూర్తయిందో లేదో, "కాదు సార్, తప్పు మాదే!" అంది ఆ పిల్ల.

"లేదమ్మా, మాదే."

"మాదే సార్!"

నేనూ లేచాను. "సార్, అయిదేళ్ళ కిందట అన్నీ చెరిపింది నేను."

"నిన్నెవరడిగారమ్మా?" అని సూపరింటెండెంటు గారు తల పట్టుకున్నారు. చిట్టా తీసి గురువుగారి ముందు పెట్టారు. "నిజం చెప్పండి. ఇందులో మీవెన్ని?"

"అన్నీ మావేనండీ."

సూపరింటెండెంటు గారు నిట్టూర్చి, చిట్టా నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు. "మా అమ్మాయిని మేం ఉంచుకుంటాం లెండి. తప్పు మాదే అనేవాళ్ళు మా ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు" అన్నాడు ఫోనులో మేనేజరు.

పదోన్నతి వచ్చింది, మూడు నెలలు ఆలస్యంగా. ఆర్డరు ఎక్కడ పెట్టి మరిచిపోయావని సూపరింటెండెంటు గారు గుమాస్తాని నిలదీస్తున్నారు. అతను నీళ్ళు నములుతున్నాడు. కొత్త కుర్చీలో కూర్చోబోతున్న గురువుగారు గభాలున లేచి నిలబడ్డారు.

ఆయన నోరు తెరిచేలోపే నేనందుకున్నాను. "తప్పు మాదేనండీ."

గురువుగారు నాకేసి గుర్రుగా చూశారు, సొంత ఆస్తి లాక్కున్నట్టు.