నాగరాజు రాసిపెట్టిన తప్పు

2001 జూలై 9, సోమవారం, ఉదయం పదకొండున్నర. అప్పుడు నేను కుందుర్పి వైపు ఒక మండలాఫీసులో రికార్డు అసిస్టెంటును. అటెండరుగా చేరి, నలభై ఏళ్లకు వయోజన బడిలో అక్షరాలు నేర్చుకుని ఆ పదోన్నతి తెచ్చుకున్నాను.

కరువు బియ్యం జాబితాలు అప్పుడప్పుడే కంప్యూటరుకెక్కాయి. ప్రోగ్రాముతో ఇచ్చిన పుస్తకంలో కమాండ్లు పదీ పన్నెండే. మిగిలినవి ఆపరేటర్లే తడుముకుని కనిపెట్టారు. జిల్లా మీటింగులో కలిసినప్పుడు ఒక నోటుబుక్కులో రాసేవారు. అది నా దగ్గర ఉండేది. కట్టుబాటు ఒకటే. తాను కొట్టి చూడనిది రాయకూడదు. ఏమైందో రాసి సంతకం పెట్టాలి.

ఆ రోజు మా ఆపరేటరు సుజాత చనిపోయినవారి పేర్లు కొట్టేయబోయి ఒక ఊరి పేర్లన్నీ కొట్టేసింది. రెండు గంటల బస్సుకు జాబితా ఫ్లాపీ అనంతపురం పోవాలి. పేర్లు లేకపోతే ఆ నెల ఆ ఊరికి బియ్యం లేవు. ఆ ఊరి ముసలామె ఈరమ్మ, తన పేరుందో లేదో అడగడానికి వచ్చి గుమ్మంలోనే కూర్చుని ఉంది. సుజాత అంతా శుభ్రం చేసే కమాండు కొట్టి, మొదటినుంచి టైపు చేస్తానంది.

"చెయ్యి తీయి పాపా. ముందు బుక్కు చూద్దాం," అన్నాను.

"నువ్వు చదివేలోపల రెండయితాదన్నా."

"అయితే కానీ. ఏడ్చేది అంతలోపల ఏడ్చేయి."

వేలు పెట్టి చదివాను. గుమ్మఘట్ట మండలం ఆపరేటరు నాగరాజు రాత అది. కొట్టేసిన పేరు పోదు, దాగి ఉంటుంది. శుభ్రం చేస్తేనే పోతుంది. "నేను చేసినాను. రెండూళ్లు పోయినాయి. మీరు చేయొద్దండప్పా." దాని కిందే ఖాజా అనే ఆపరేటరు, దాగిన పేర్లను తిరిగి పిలిచే కమాండు రాసి సంతకం పెట్టాడు.

సుజాత అదే కొట్టింది. ఊరంతా తెర మీదికొచ్చింది, చనిపోయినవాళ్లతో సహా. ఈరమ్మను పిలిచి ఆమె పేరు చదివింది. దాని పైనే ఉన్న పేరూ చదివింది: హనుమంతప్ప, పోయిన ఏడాది చనిపోయిన ఆమె భర్త.

"ఆయప్పా వచ్చినాడా? రొంతసేపు ఉండనీ పాపా," అంది ఈరమ్మ.

సుజాత మిగతా పేర్లన్నీ సరిచేసి, ఆయన పేరు చివర్న కొట్టేసింది. ఫ్లాపీ బస్సుకు అందింది.

పనికొచ్చే కమాండుతో పాటు పాడుచేసే కమాండునూ, పాడుచేసినవాడి పేరుతో సహా రాసిపెట్టుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను.

ఆ గదిలో ఉన్నవాళ్లం: సుజాత, ఈరమ్మ, ఓబులేసు అనే నేను. బుక్కులో నాగరాజు, ఖాజా. కాసేపు తెర మీద హనుమంతప్ప.