జానీ మామ వంతు నీళ్లు

మెతక మనిషట! ఫ్యామిలీ గ్రూపులో మా అన్న మళ్లీ అదే పెట్టాడు, జానీ మామ మెతక కాబట్టే గార్లలో అందరూ ఆయన్ని తొక్కారని. ఘాటుగా జవాబు టైపు చేస్తుంటే, పుష్‌పుల్ రైలు కిటికీలోంచి తడి పొలాల బురద వాసన కొట్టింది. బొటనవేలు ఆగిపోయింది.

జానీ మామ వరంగల్ సుబేదారిలో మా పక్కింటి టైలర్. సొంతూరు గార్ల, గుట్టల మధ్య పాత జాగీరు. అక్కడ చెరువు కింద ఆయనకో మడి ఉండేది. ఇంట్లో ఉంటే అందరితో కొట్లాడతానని ఆదివారాలు అమ్మ నన్ను ఆయన వెంట తోలేది. వరంగల్ స్టేషన్‌లో కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపేవాడు. తీరా ఎవరైనా ముసలావిడ ఎక్కితే ఆమెకిచ్చేసి గార్ల దాకా నిలబడేవాడు. నాకు మండిపోయేది.

ఆ చెరువు నీళ్లు వంతులవారీగా పారతాయి. నేను ఇంటర్ చదివే ఏడు, మామ వరి పొట్ట మీద ఉంది, కంకి తీసే ముందు నీళ్లు తప్పకూడదు; ఆ రోజు వంతు కూడా ఆయనదే. వెళ్లి చూస్తే పై మడి యాకయ్య కాలువకు మట్టి అడ్డం వేసి నీళ్లన్నీ తన మడికే మళ్లించుకుంటున్నాడు. నేను వెంటనే ఫోన్ తీసి షూట్ చేస్తూ, ఆ వీడియో ఊరి గ్రూపుల్లో పెడతానన్నాను.

"పట్నం పోరడు. పార పట్టరాదు గని ఫోన్ పడ్తాండు," అన్నాడు యాకయ్య.

మామ నా చెయ్యి కిందికి దించాడు. "ఫోన్ జేబుల పెట్టు బిడ్డా. ఆయన పరువు తీసి నా మడి తడుపుకుంటనా?" ఆ తర్వాత ఒడ్డు మీద కూర్చుని, "యాకన్నా, నీది తడిసినంక నీళ్లిడువు," అన్నాడు.

యాకయ్య తలెత్తలేదు. పొద్దుగూకాక మట్టి తీశాడు. అప్పటికే మామ వంతు అయిపోవచ్చింది. కోతల్లో చూస్తే మామ మడిలో ఒక మూలంతా తాలు గింజలే. నేను వారం రోజులు మామతో మాట్లాడలేదు. ఆ నష్టం న్యాయమని ఇప్పటికీ అనను.

పోయిన ఎండాకాలం మామ కన్నుమూశాడు. అత్తకు మోకాళ్లు పనిచెయ్యవు, ఒడ్డు దాకా నడవలేదు. ఈ పంట మీదే ఆమె తిండి. నిన్న యాకయ్య నాకు ఫోన్ చేశాడు. "మీ వంతొచ్చింది. అక్కను ఫికర్ చెయ్యద్దను. ముందుగాల మీ మడికే ఇడుస్తాన, నువ్వొచ్చి చూసుకో."

అందుకే ఈ రైల్లో ఉన్నాను. అన్నకు జవాబు ఇంకా పంపలేదు. మిమ్మల్నే అడుగుతున్నా: ఆ రోజు నేను వీడియో పెట్టి ఉంటే, ఇవాళ అత్త మడికి నీళ్లు విడిచేవాళ్లెవరు?