పదిమంది ఉమ్మిలో ఒకే మరక

పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమంది, నెల రోజులపాటు, రోజూ పరగడుపున చిన్న గొట్టంలో కాస్త ఉమ్మి. నా పీహెచ్‌డీకి కావలసింది అంతే. ఉమ్మిలోని ప్రొటీన్లు నెల పొడుగునా ఎలా మారతాయో తెలిస్తే, గర్భం నిలిచే రోజులేవో సూది గుచ్చకుండానే చెప్పవచ్చునని మా ఆశ. రెండేళ్ళుగా ఏ ఫలితమూ లేదు. ఈసారీ రాకపోతే వేరే పని చూసుకోమని మా గైడుగారు మర్యాదగానే చెప్పారు.

అందుకే కొత్తపేట దగ్గర మా మేనత్త ఊరికి వెళ్ళాను. గొట్టాలను చల్లగా దాచాలి; రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ వీధి మొత్తానికి ఫ్రిజ్ ఆవిడ ఇంట్లోనే ఉండేది. ఆవిడ మాటకు అక్కడ తిరుగు లేదు. ఒక్క పూటలో పదిమందినీ పోగేసింది.

మొదటి చిక్కు ఎంగిలి. "చదువుకున్న పిల్లకి ఎంగిలి ఇవ్వడమేంటండీ, పాపం చుట్టుకోదూ?" అంటూ ఒకావిడ యాలక్కాయ నమిలి మరీ ఉమ్మి తెచ్చారు. వాసన అమోఘం. పారబోశాను. ముఖం కడుక్కోకముందే, ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా నింపించాలని అత్తయ్యకు పదిసార్లు చెప్పాను. ఎవరికి నెలసరి ఏ రోజు మొదలైందో రాసిపెట్టమన్నాను. వారం ఉండి విశాఖపట్నంలో మా యూనివర్సిటీకి వెళ్ళిపోయాను.

నెల తిరిగాక గొట్టాలన్నీ ఐసు డబ్బాలో తెచ్చుకుని పరీక్ష చేస్తే నా కళ్ళను నేనే నమ్మలేదు. పదిమందికీ, నెలసరి మూడు రోజుల్లో మాత్రమే, పరీక్ష పలక మీద ఒకే చోట ఒకే నల్లటి ప్రొటీను మరక! మిగతా రోజుల్లో దాని ఊసే లేదు. గైడుగారు నాకు టీ తెప్పించారు. ఇంకో నెల నమూనాల్లోనూ ఇదే కనిపిస్తే డిగ్రీ చేతికొచ్చినట్టే అన్నారు.

మిఠాయి పొట్లంతో అత్తయ్య ముందు వాలి సంగతంతా చెప్పాను. ఆవిడ తమలపాకుకు సున్నం రాస్తూ సంబరంగా వింది.

"ఆ మూడ్రోజులవీ అంత బాగా వచ్చేయా? అవి నావేనమ్మా."

"మీవేంటి అత్తయ్యా?"

"మరి ఆ రోజుల్లో వాళ్ళు ముట్టుకున్నవి, పెరుగూ దేవుడి పువ్వులూ ఉన్న ఫ్రిజ్జులో ఎలా పెడతాం? నువ్వేమో ఖాళీ ఉండకూడదన్నావు. నాకా బాధ తీరి పదేళ్ళయింది గదా, అందరి బదులూ నేనే ఉమ్మేను. ఒక్కోరోజు నోరెండిపోయిందనుకో!"

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ముందు కోపమొచ్చింది. ఈ కాలంలో కూడా ఈ అంటూ ముట్టూ ఏమిటని ఎడాపెడా దులిపేశాను.

అత్తయ్య నొచ్చుకోలేదు. "నువ్వున్న వారంలో నీకూ ఆ మూడ్రోజులూ వచ్చేయి కదే. ఫ్రిజ్జు ముట్టుకున్నావా? అరుగు మీద కూచుని మంచినీళ్ళు నాచేత పోయించుకున్నావు" అంది.

నిజమే.

తిరుగు బస్సులో దారి పొడుగునా గైడుగారికి నిజం చెప్పడం సాధన చేశాను. మర్నాడు ఆయన గదిలో, ఆ నమూనాలు మా అత్తయ్యవని చెప్పేదాకా బాగానే నడిచింది. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ మూడు రోజులూ వాళ్ళెందుకు ఇవ్వలేదమ్మా?" అని అడిగారు. రెండేళ్ళుగా పొద్దస్తమానం అదే విషయం చదువుతున్నదాన్ని. అయినా ఆయన ముందు ముట్టు మాట ఎత్తకుండా బల్ల మీది కాగితాలు సర్దాను.

"పదిమందికీ జ్వరాలొచ్చాయండి" అన్నాను.

ఆయన జాలిపడి ఇంకో ఆరు నెలలు గడువిచ్చారు. ఈసారి ఇంటింటికీ నేనే తిరిగాను. ఆ మరక మళ్ళీ కనబడలేదు. ఏవో చిన్న చిన్న మార్పులు చూపించి డిగ్రీ తెచ్చుకున్నాను. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద రాసిన ఆ థీసిస్‌లో, నా చేత్తో నేను టైపు చేసిన వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది: జ్వరాల కారణంగా మొదటి విడత నమూనాలను పరిగణించలేదు.