గుట్ట ఎక్కని బడి

మా పెద్ద టీచరమ్మ పోయారు. ఉప్పల్‌లో బస్సు దిగుతుంటే అమ్మ ఫోన్ చేసి, "టీచరమ్మ ఇక లేరే" అని ఏడ్చింది. దవాఖానాలో చేర్చారని తెలుసు. జ్వరమే కదా, తగ్గి వచ్చేస్తారులే అనుకున్నాను.

నాన్న ఉద్యోగం కోసం మేము గుంటూరు నుంచి నాచారం వచ్చినప్పుడు మా పక్క గోడ ఆమెదే. బస్తీలోని సర్కారు ప్రాథమిక బడికి ఆమె హెడ్మాస్టరమ్మ. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఎవరింటికి వెళ్లినా ముందు గుమ్మం ముందరి అరుగు చూసేవారు. "అరుగు ఎంతెత్తుంటే ఆ ఇంటాయన మాట గంతెత్తుంటది" అనేవారు. ఒకసారి నన్ను ఏదో ఆఫీసుకు వెంటబెట్టుకు వెళ్లారు. మెట్ల సగంలో ఆగి, "ఇన్ని మెట్లు ఎందుకో ఎరికేనా? ఎక్కేసరికి ఆయాసమొచ్చి మన నోరు పడిపోవాలె" అని నవ్వారు.

మా బడి అప్పుడు రేకుల షెడ్డు. కొత్త భవనం మంజూరైంది, స్థలం చూడాలి. బస్తీకి పైన బండరాళ్ల గుట్ట ఒకటి సర్కారు జాగాగా ఖాళీగా ఉండేది. అక్కడ నిలబడితే దూరంగా మౌలాలి దర్గా కనిపించేది. టీచరమ్మ కన్ను ఆ గుట్ట మీదే.

"దేవుడైనా దొరైనా ఎత్తు మీదనే కూసుంటరు. జర పోరగాండ్లను గూడ కూసోనియ్యాలె."

కాగితాలు కదిలేలోపు ఎవరో గుట్ట మీద లారీలతో కంకర దింపడం మొదలుపెట్టారు. కబ్జా ఆపడానికి మా వైపు అందరికీ తెలిసిన మందు ఒకటుంది. రాయి నిలబెట్టి పసుపు కుంకుమలు పెడితే ఎంతటివాడూ అక్కడ గునపం దించడు. ఆ రాయి టీచరమ్మే మోయించి తెచ్చారు. వేపమండలు కట్టి, "పోచమ్మ తల్లీ, బడి లేసేదాంక కావలుండు" అని మొక్కారు. లారీలు ఆగిపోయాయి. బస్తీ అంతా ఆమె తెలివిని మెచ్చుకుంది.

ఆ తర్వాతి బోనాలకు మా బస్తీ లీడరు డప్పులతో గుట్టెక్కాడు. అమ్మవారికి చీర పెట్టాడు, గుడి కమిటీ వేశాడు, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. రాయి చుట్టూ గుడి లేచింది. గుడి పక్కన కమిటీ హాలు, హాలు పైన ఆయన ఆఫీసు లేచాయి. బడి సంగతి అడగడానికి వెళ్తూ టీచరమ్మ నన్నూ తీసుకెళ్లారు. ఆయన లేచి నిలబడి దండం పెట్టి మరీ చెప్పాడు.

"అమ్మవారి జాగల బడి కట్టుడేంది టీచరమ్మా? తల్లిని నిలబెట్టింది మీరే గద. కింద చెరువు పక్కన మస్తు జాగ ఉన్నది, ఆడ కట్టిస్త."

గుట్ట దిగాక, "నేనే తెచ్చి పెట్టిన తల్లిని నేనే ఎట్ల లేపాలె బిడ్డా?" అన్నారు.

బడి చెరువు గుంతలోనే లేచింది. తొలి వానకే గదుల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక గోడ మీద మరక మిగిలింది. ఆమె కుంచె పట్టుకుని, చెరిగిపోయిన అ ఆలను ఆ మరకకు పైన మళ్లీ రాశారు. ఇంకో ఏడాది మరక ఇంకా పైకి వచ్చింది, అక్షరాలూ పైకి జరిగాయి. చివరికి చిన్నపిల్లలు బెంచీ ఎక్కితే తప్ప అ మీద వేలు పెట్టి దిద్దలేని ఎత్తుకు పోయాయి.

ఉద్యమం రోజుల్లో ఉప్పల్ రోడ్డు మీద వంటావార్పుకు బస్తీ ఆడవాళ్లను ఆమే తీసుకెళ్లారు. గుంటూరు వాళ్లమని మా అమ్మ భయపడి తలుపులు వేసుకుంటే, తట్టి తీయించి పులిహోర గిన్నె చేతిలో పెట్టారు. "ఫికర్ జేయకు చెల్లే. నా కొట్లాట నీతోని గాదు, ఆ ఎత్తు మీద కూసున్నోళ్లతోని."

రాష్ట్రం వచ్చిన రోజు ఇంటింటికీ మిఠాయి పంచుతూ, "ఇగ మన బడి గుట్టెక్కుతది" అన్నారు. కొన్నాళ్లకే లీడరు కొత్త కండువా వేసుకుని అదే గదిలో కూర్చున్నాడు. "కండువ మారింది, కుర్సి మారలే" అన్నారు టీచరమ్మ. అప్పట్నుంచి ఆమె గుట్ట వైపు తలెత్తి చూడటం నేను చూడలేదు.

ఈ వానలకు బడి మళ్లీ మునిగింది. పిల్లల్ని ఇళ్లకు పంపేసి, పుస్తకాలూ బెంచీలూ పైకెత్తిస్తూ ఆమె రోజంతా ఆ మురికినీళ్లలోనే నిలబడ్డారు. జ్వరం అక్కడే పట్టుకుంది.

చావుకు లీడరూ వచ్చాడు, పెద్ద దండతో. "టీచరమ్మను పైన హాల్ల పెడ్దాం, అందరు సూస్తరు" అన్నాడు. ఎన్నడూ గొంతు పెంచి ఎరగని ఆమె భర్త ఆ దండ పక్కకు పెట్టారు.

"పాణమున్నప్పుడు ఎక్కనియ్యలే గద సారూ. ఇప్పుడొద్దు. బడి ముందర్నుంచి తీస్కపోతం."

బడి దగ్గర పాడెను కాసేపు దించారు. డప్పులు ఆగాయి. నేను కిటికీలోంచి లోపలికి చూశాను. నేల మీద ఇంకా బురద ఉంది. ఈసారి మరక అ ఆలను కూడా ముంచేసింది. ఆ పైన, వానలకు ముందే ఆమె సున్నం వేయించి ఉంచిన గోడ తెల్లగా, ఖాళీగా ఉంది.