మావయ్య ఈకల గాలం

ఏలూరు చేపల బజారులో పండుగప్ప మొప్ప ఎత్తి వాసన చూడనిదే నేను సంచి చాపను. "ఏటి చేపేనండి, పొద్దున్నే వచ్చిందండి" అని అమ్మే ఆవిడ ఎంత మర్యాదగా చెప్పినా నమ్మను. చెరువులో మేత తిని పెరిగిన చేపకి తడిసిన తవుడు వాసన ఉంటుంది, దాన్ని ఎంత ఐసు కింద దాచినా నా ముక్కు పట్టేస్తుంది. ఈ అనుమానపు బుద్ధి నాకు అమ్మ దగ్గర్నుంచి రాలేదు. ఆకివీడు అవతల ఉప్పుటేటి గట్టున కాపురమున్న మా పెద్దమావయ్య భార్య, మా అత్తయ్య, నాకు దగ్గరుండి నేర్పిన విద్య ఇది.

నా చిన్నప్పుడు దసరా సెలవులు ఇవ్వగానే తాడేపల్లిగూడెం నుంచి నన్ను అక్కడికి పంపేసేవారు. వానలు వెనకబట్టి, వరిచేలు పొట్టకొచ్చి, కొల్లేటి నీరు ఉప్పుటేటి వెంట సముద్రానికి దిగిపోతుంటే, పోటు వేళకి సముద్రపు నీరు దానికి ఎదురెక్కి వచ్చి, రెండూ కలిసినచోట ఏరు ఎటు పోవాలో తోచక కాసేపు నిలబడిపోయే రోజులవి. పొద్దున్నే ఎండుచేపలు కాల్చిన వాసన, మధ్యాహ్నం మట్టిదాకలో వంకాయలు వేసిన రొయ్యల పులుసు, సాయంత్రం అరుగు మీద అచ్చనగాయలు, పండగనాడు చెయ్యి కాలుతున్నా ఆగకుండా తినే కొబ్బరి బూరెలు. వీటన్నిటి మధ్యా అత్తయ్య అనుమానపడుతూ తిరుగుతుండేది. పాలలో నీళ్లు కలిశాయేమోనని వేలు ముంచి చూసేది, బూరెలు దాచానేమోనని నా గౌను జేబు తడిమేది, గుమ్మంలో పడుకున్న పిల్లిని చూసి దొంగనిద్ర అనేది. నాకు ఆవిడంటే భయం, ఆవిడ వెనకాలే తిరగడమంటే ఇష్టం.

మావయ్య చేపల చెరువుల మీద పని చూసేవాడు. పని లేని రోజున మాత్రం ఏరే ఆయన లోకం. ఊళ్లో అందరూ వలలు వేస్తే ఆయన పొడుగాటి వెదురు గెడకి దారం కట్టి, గాలం చుట్టూ తెల్లకోడి ఈకలు, మెరిసే పోగులు చుట్టి, నీళ్ల మీద అటూ ఇటూ ఆడించేవాడు. చిన్న చేప ఎగురుతోందనుకుని పెద్ద పండుగప్ప వచ్చి మింగాలి. పోటు తిరిగే కాసేపే ఆ ఆశ, అదీ రోజూ కాదు. అందుకని చాలాసార్లు ఖాళీ చేతులతోనే వచ్చేవాడు.

గాలం పట్టుకుని గడప దాటిన మనిషిని ఎక్కడికని అడగకూడదని ఆ ఊరి ఇళ్లలో పట్టింపు. అడిగితే చేప పడదు. పొరపాటున అడిగారా, ఆ మనిషి వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాలి. పాల చెంబునీ పిల్లినీ నిలదీసే మా అత్తయ్యకి కట్టుకున్నవాణ్ణి ఆ ఒక్క మాట అడిగే దారి లేకపోయింది. అన్నేళ్లూ దాన్ని కడుపులో పెట్టుకుని ఉడికిపోయింది పాపం.

ఒక ఏడు బట్టలు ఉతకబోతూ మావయ్య చొక్కా జేబులో ఎర్రపట్టు దారాలు, జరీ పోగులు పట్టుకుంది. ఏటికి అవతల గట్టున ఒంటరిగా ఉంటూ రవికలు కుట్టే ఒకావిడ ఉందని ఊరందరికీ తెలుసు.

"చూశావటే, చేపలు పట్టుచీరలు కడతాయా?" అంది నాతో, చాలా నెమ్మదిగా. కోపం వచ్చినప్పుడు గట్టిగా అరిచే మనిషి అలా నెమ్మదిగా మాట్లాడేసరికి నేను చేతిలో అచ్చనగాయలు కింద పెట్టేశాను. నాకు ఏరు చూపిస్తానని ఇంట్లో చెప్పి, ఆ పోగులు గుప్పిట్లో పెట్టుకుని, నన్ను తీసుకుని పడవ ఎక్కింది.

రవికలు కుట్టే ఆవిడ ఇంటిదాకా వెళ్లనే లేదు. అవతల గట్టున పడవ దిగి నడుస్తుంటే, దారిలో ఏరు వంపు తిరిగేచోట మోకాలి లోతు నీళ్లలో మావయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. అత్తయ్య నన్ను గట్టున నిలువెత్తు పెరిగిన కిక్కిసగడ్డి వెనక్కి లాగింది. ఆయన గెడ విసరడం, ఈక నీటి మీద తుళ్లుతూ రావడం, మళ్లీ విసరడం, అంతే. గాలం చివర ఎర్రగా, బంగారంగా ఏదో మెరిసింది. అత్తయ్య తన గుప్పిట విప్పి చూసుకుని మళ్లీ మూసింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు నీళ్లు భళ్లుమన్నాయి. గెడ విల్లులా వంగింది, తెల్లటి పొట్ట ఒక్కసారి పైకి లేచింది, నా అంత చేప. దాక్కున్న సంగతి మరిచిపోయి అత్తయ్య లేచి నిలబడి, "వదలకండీ, వదలకండీ" అంది. మావయ్య తిరిగి చూశాడు. దారం సడలింది. చేప పోయింది.

ఆయన అత్తయ్యని చూశాడు, నన్ను చూశాడు, అత్తయ్య గుప్పిట్లోంచి వేలాడుతున్న పోగుల్ని చూశాడు.

"పిల్లకి ఏరు చూపిద్దామనండీ" అంది అత్తయ్య.

"చూసింది కదా. పదండి" అన్నాడు.

తిట్టినా బాగుండునని నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత మావయ్య మళ్లీ గాలం పట్టలేదు. అత్తయ్య తనే కోడి ఈకలు ఏరి అరుగు మీద పెట్టింది, పోటు వేళ చెప్పింది, బతిమాలింది. "ఇప్పుడెందుకులే" అని చెరువుల మీదికే వెళ్లేవాడు.

ఇప్పుడు ఉప్పుటేటి నిండా గుర్రపుడెక్క. చెరువుల్లోంచి వదిలిన నీరు నల్లగా కదులుతుంది, అందులో ఈక ఆడించే మనిషి ఒక్కడూ లేడు. కిక్కిసగడ్డి ఉన్నచోట చెరువు గట్లు, రవికల ఆవిడ ఇల్లు ఉన్నచోట కూడా చెరువే. మావయ్య పోయి చాలా ఏళ్లయింది. మొన్న అత్తయ్యని చూడ్డానికి వెళితే, కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా నాకేసి చూసింది.

"నా మీద కోపంతో మానేశారంటావా ఆయన? లేకపోతే ఆ గట్టున నిజంగానే ఏదైనా ఉండి, మనం వచ్చామని మానేశారంటావా?"

"నాకేం తెలుసు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ పాలలో నీళ్లు వెతికినట్టు నా ముఖంలో వెతికింది.

"నీకు తెలుసులే" అంది. "చెప్పవు."