కాలువ కట్టేసిన నెలలో నీళ్ళ చప్పుడు

నా చిన్నప్పుడు, ఎండాకాలం కాలువలు కట్టేసిన నెలలో, మా తాతయ్య చెవిలో మాత్రం నీళ్ళు పారుతుండేవి. ధవళేశ్వరం దిగువన లాకుల దగ్గర గేట్లు తిప్పే లస్కరు ఆయన. చప్పుడు వినే ఎన్ని తలుపులు ఎత్తారో చెప్పేసేవాడు. అలాంటి మనిషి మిట్టమధ్యాహ్నం మంచంమీద లేచి కూర్చుని, "నీళ్ళు వదిలేశారే!" అనేవాడు. నేను గట్టుమీదికి పరుగెత్తి చూసేదాన్ని. కాలువ అడుగున బీటలు, ఎవరిదో ఒంటి చెప్పు. అంతే.

ఒకరోజు నన్ను దగ్గరకు లాక్కుని, తన కుడిచెవికి నా చెవి ఆనించుకున్నాడు. దిండు దగ్గర ఏదో కుళ్ళిన వాసన. వినపడుతోందా అని అడిగాడు. ఆయన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక వినపడుతోందన్నాను. మా ఇంట్లో ఇక అది రుజువైపోయింది. స్నానం నీళ్ళు దూరాయని తేల్చి, రోజూ వెల్లుల్లి కాచిన నూనె పోశారు. ఆయనకు సుగరుందని అందరికీ తెలుసు. సుగరు కాఫీకి సంబంధించిన విషయం, చెవితో దానికేం పని అనుకున్నాం.

పది రోజులకి ఆయన నవ్వు ఒకవైపే వచ్చింది. రెండోవైపు మూతి కదల్లేదు, కన్ను మూతపడలేదు. నిద్రపోతున్నా ఆ కన్ను నన్నే చూస్తుండేది.

రాజమండ్రిలో నర్సు ట్రైనింగవుతున్న పక్కింటి అక్క సెలవులకొచ్చి, చెవి ముందు వేలితో మెల్లగా నొక్కింది. అన్నేళ్ళు గేట్లు తిప్పిన మనిషి గావుకేక పెట్టాడు.

"ఇది నీళ్ళు కాదండి తాతగారూ, చీము. సుగరున్నవాళ్ళకి ఎముక్కి పట్టేస్తుంది. నూనె ఆపేసి ఇవాళే కాకినాడ వెళ్ళాలండి."

"నీళ్ళ చప్పుడు నాకు చెప్తావేంటమ్మా? పిల్ల కూడా విందిగా!"

అందరూ నావైపు తిరిగారు, ఆ మూతపడని కన్నుతో సహా. అక్క కోప్పడలేదు. నా ఎదురుగా చతికిలబడి, "నిజంగా విన్నావా అమ్మలూ?" అంది.

"లేదు" అన్నాను.

తాతయ్య తన చెవిని ఓసారి తడుముకున్నాడు. తరవాత చొక్కా తెమ్మన్నాడు.

కాకినాడలో ఆరు వారాలు. చెవి శుభ్రం చేయడం, పూటపూటా సూదిమందులు, సుగరుకి ఇన్సులిన్. ఇంకో వారం ఆగుంటే పుర్రెలోకి పాకేదన్నారట డాక్టరు. నా మర్యాద కొంచెం ఖరీదైనదే. మూతి వంకర కాస్త మిగిలింది. ఆ సగం నవ్వుతోనే చాలా ఏళ్ళు, "వినపడుతోందా?" అని నన్ను ఆటపట్టించాడు.

ఇప్పుడు నాకూ సుగరు. మొన్న కాలువలు కట్టేశాక, భోజనాల వేళ, నా కుడిచెవిలో నీళ్ళు పారాయి. చాలా దూరాన్నుంచి, తలుపులు ఒక్కొక్కటే ఎత్తుతున్నట్టు. ఆ మాట చెప్పగానే, తనూ వింటానని మనవరాలు ముచ్చటపడి చెవి ఆనించింది. చాలాసేపు విని, "ఏమీ లేదమ్మమ్మా" అంది.

దాన్ని ముద్దు పెట్టుకుని, చెవుల డాక్టరు దగ్గరికి ఆటో పిలవమన్నాను.