మైనం మరిగించిన రోజు

కారుకు పాలిష్ మేలా, మైనం మేలా అని మనవడు డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక మూత తీయగానే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అలాంటి డబ్బాలు దొరికేవే కావు.

అప్పుడు మేం అమీర్‌పేటలో ఉండేవాళ్లం. నాయన పంజాగుట్టలో ఒక దొర కారు నడిపేవాడు. ఒకరోజు దాని తలుపు మీద గీత పడింది.

"పాలిష్ రుద్దితే రంగు లేస్తది, మైనమే పెడ్త" అన్నాడు నాయన.

అమ్మ కుంపటి మీద తేనెమైనం కరిగించి, అందులో టర్పెంటైన్ పోసింది. భగ్గున మంట లేచింది. నాయన గోనెసంచితో ఆర్పేసరికే అమ్మ కుడిచెయ్యి కాలిపోయింది, మైనమంతా మండిపోయింది.

"నా ఫికర్ చెయ్యకుండ్రి. ముందు గా గీత సంగతి చూడుండ్రి, నౌకరి పోతది" అంది.

గీత అలాగే ఉండిపోయింది. తెల్లారి నాయన వెళ్లి దొరకు దాని సంగతి చెప్పాడు. ఆయన కారు చుట్టూ తిరిగి, "ఏడుందిర గీత? నాకైతే కనిపిస్తలేదు" అన్నాడట.

ఆ పూట అమ్మకు అన్నం కలిపి తినిపిస్తూ నాయన ఏడ్చాడు.